సముద్రం పక్కనే ఉన్నా... తొట్టికి ఏ నీళ్లు?

విశాఖపట్నంలో ఉంటూ ఇంట్లో ఉప్పునీళ్లు తయారు చేసుకోవడమేమిటని నవ్వుతున్నారా? గుమ్మం దిగితే సముద్రమే కదా అంటారా? నేనూ మొదట అలాగే నవ్వాను. గాజువాకలో మా వదినగారింటికి వెళ్లి, ఆవిడ అవస్థ చూశాక నవ్వడం మానేశాను.

అన్నయ్యది స్టీల్‌ప్లాంటు ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. బాబుకి ‘నీమో’ సినిమా చూసినప్పటి నుంచి నారింజరంగు చేప కావాలని ఒకటే గొడవ. కొడుకు ముచ్చట కాదనలేక అన్నయ్య హాల్లో రెండు వందల లీటర్ల గాజు తొట్టి పెట్టించాడు. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడాలు నాలుగు. వచ్చినవాళ్లంతా అబ్బో అన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి గాజు నిండా గోధుమరంగు పాచి. రాళ్ల మీద జుట్టులా పచ్చటి నాచు. పగడాలు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి.

“ఏటి వదినా, ఇలా అయిపోయిందేం?” అన్నాను.

“ఏం చెప్పమంటావు! మోజు ఆయనది, నీళ్లు మోసేది నేను. వారం వారం గీకుతూనే ఉన్నాను. మనం తాగే కొళాయి నీళ్లే కదా పోస్తున్నాను, వాటికేం రోగం?” అంది వదిన విసుగ్గా.

ఆవిడ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. మనం తాగే నీళ్లు పగడాలకు పనికిరావా? శుద్ధిచేసిన నీళ్లే పోయాలా?

మనకు మంచివి, వాటికి కావు!

విశాఖకు మేహాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచీ, ఏలేరు కాలువ నుంచీ నీళ్లొస్తాయి. శుద్ధిచేసి, క్రిములు చావడానికి క్లోరిన్ కలిపి పంపుతారు. కొళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం. అది మన పిల్లలకు రక్ష. చేపల మొప్పలకు, పగడాలకు మాత్రం మంట.

క్లోరిన్‌తో వచ్చే చిక్కు చిన్నదే. అంగళ్లలో దొరికే మందు చుక్కలు వేస్తే పోతుంది. పోనిది నీళ్లలో కరిగి ఉన్న మిగతా సరుకు. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా, కాస్తో కూస్తో రాగి. ఇవన్నీ తాగే నీళ్లలో పరిమితికి లోబడి ఉండొచ్చు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదన్నది ప్రమాణం. పగడాల తొట్టిలో అయితే అది పదికి మించకుండా చూసుకుంటారు. సిలికా ఉంటే గోధుమరంగు పాచి పడుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు నాచుకు ఎరువు. ఫాస్ఫేటు ఎక్కువైతే రాతి పగడాలు తమ సున్నపు గూడు కట్టుకోలేవు కూడా. ఇక రాగి. చేపలు తట్టుకునే మోతాదులో కూడా రొయ్యలూ, నత్తలూ, పగడాలూ తట్టుకోలేవు. చేపల జబ్బులకు వాడే కొన్ని మందుల్లో రాగి ఉండేదీ, పగడాల తొట్టిలో ఆ మందులు వెయ్యొద్దనేదీ ఇందుకే.

పులుసు లెక్క

“చిటికెడు మలినాలకే ఇంత గొడవా?” అనుకోవచ్చు. పులుసు కాచే ఆడవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కువవుతుంది. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు కదా! తొట్టిలోనూ అంతే. లైట్లు, ఫ్యాను, మన ఎండలు కలిసి రోజుకి కొంత నీటిని ఆవిరి చేస్తాయి. తరిగినంతా మళ్లీ పోస్తాం. పోసిన నీళ్లలోని మలినాలు మాత్రం అడుగునే ఉండిపోతాయి. గీజరులోనూ, కుక్కరు అడుగునా పేరుకునే తెల్లటి పొర అలాంటిదే.

వదినా నేనూ కాగితం మీద లెక్క వేశాం. రెండు వందల లీటర్ల తొట్టిలో రోజుకి రెండు లీటర్లు తరిగితే ఏడాదికి 730 లీటర్లు పోయాలి. ఆ నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు ఉందనుకోండి. మనం నిక్షేపంగా తాగొచ్చు. కానీ ఏడాదిలో తొట్టిలోకి చేరేది 14.6 గ్రాములు. అంటే తొట్టి నీటిలో లీటరుకు 73 మిల్లీగ్రాములు! చేపల మలం, మిగిలిపోయిన మేత వల్ల వచ్చేది వేరే. మధ్యమధ్య నీళ్లు మార్చినా, మార్చేవీ ఆ కొళాయి నీళ్లే అయితే ఫలితం అంతంత మాత్రమే.

“అయితే గీకడం నా తప్పు కాదన్నమాట!” అంది వదిన. ఆవిడ మొహంలో ఆర్నెల్ల తర్వాత కాస్త వెలుగు కనిపించింది.

సముద్రం నీళ్లే తెచ్చుకుంటే?

అందరికీ తట్టే ఉపాయమే ఇది. బీచ్‌కి పోయి నాలుగు డ్రమ్ములు పట్టుకొస్తే పోలేదా? పోలేదు! విశాఖ 1933 నుంచీ ఓడరేవు. ఓడల చమురు, బొగ్గు, ఖనిజాల ధూళి, పరిశ్రమల నీళ్లు రేవులో చేరుతూ వచ్చాయి. ఊరి మురుగు గెడ్డల ద్వారా తీరంలో కలుస్తుంది. ఒడ్డు దగ్గర ముంచిన నీటిలో ఏముందో కంటికి తెలియదు.

ఇంకోటి, మన సముద్రం ఉప్పదనం ఏడాదంతా ఒకేలా ఉండదు. పగడాలకు లీటరుకు 35 గ్రాముల ఉప్పు కావాలి. వానలు కురిశాక గంగా బ్రహ్మపుత్రలూ, మహానదీ తెచ్చిన మంచినీళ్లు బంగాళాఖాతంలో కలుస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ప్రవాహం ఆ పలుచటి నీటిని మన తీరం వెంబడి దక్షిణానికి తోస్తుంది. అప్పుడు విశాఖ దగ్గర పైపైన ఉన్న నీరు బాగా చప్పబడుతుంది. మన తీరంలో లక్షద్వీప్‌లోలా, మన్నారు సింధుశాఖలోలా పెద్ద పగడపు దిబ్బలు పెరగకపోవడానికి నదుల మంచినీళ్లూ, అవి తెచ్చే ఒండ్రూ ముఖ్య కారణాలు. సాక్షాత్తూ సముద్రంలోనే అంతగా పెరగనివి, అదే నీళ్లు తెచ్చిపోస్తే హాల్లో పెరుగుతాయా?

మరి ఏం పోయాలి?

రివర్స్ ఆస్మోసిస్, మనం ఆర్వో అంటున్నదే. నీటిని ఒత్తిడితో సన్నటి పొరలోంచి పంపితే కరిగిన మలినాల్లో నూటికి తొంభై పైన అవతలే ఆగిపోతాయి. మిగిలినదాన్ని కూడా తీసెయ్యడానికి పగడాలు పెంచేవాళ్లు డీఐ రెజిన్ అనే గుళికల గొట్టం అదనంగా బిగిస్తారు. కరిగిన పదార్థాన్ని చూపే టీడీఎస్ మీటరు అప్పుడు సున్నా చూపించాలి. ఆ శుభ్రమైన నీటిలో పగడాల కోసం అమ్మే ఉప్పు కలుపుతారు. కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందులోనే ఉంటాయి. వంటింటి అయోడిన్ ఉప్పు దీనికి పనికిరాదు.

వంటింట్లో ఉన్న ఆర్వో మిషను నీళ్లు సరిపోతాయా? ఇక్కడే చాలామంది పొరబడతారు. రుచి కోసం, ఆరోగ్యం కోసం మన మిషన్లలో చివర్న ఖనిజాలు కలిపే గొట్టమో, కొంత మామూలు నీటిని కలిపే మరనో ఉంటుంది. ఆ నీళ్లు మనకు మంచివి, తొట్టికి కాదు. సర్వీసు చేసే అబ్బాయిని అడిగితే ఖనిజాలు కలవకముందే నీళ్లు పట్టుకునేలా వేరే గొట్టం పెట్టిస్తాడు. వదిన అలాగే చేయించింది. 20 లీటర్ల క్యాన్ల నీళ్లలోనూ ఖనిజాలు కలిపి ఉండొచ్చు. మీటరు పెట్టి చూడకుండా పొయ్యకండి.

కాచి చల్లార్చితేనో? క్లోరిన్ పోతుంది, మిగతావి ఇంకా చిక్కబడతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు? చూడ్డానికి స్వచ్ఛంగానే ఉంటాయి. కానీ అవి కారేది లోహపు తీగచుట్టల మీద నుంచి. చాలా ఏసీల్లో ఆ చుట్టలు రాగివే. వద్దే వద్దు. డాబా మీద పట్టిన వాన నీళ్లా? గాజువాక డాబాలను చీపురుతో ఊడ్చేవాళ్లకు ఆ దుమ్ము సంగతి నేను చెప్పాలా!

అందరికీ అక్కర్లేదు

అలాగని చేపలున్న ప్రతి ఇంటికీ ఆర్వో కావాలనుకోకండి. గోల్డ్ ఫిష్, గప్పీలాంటి మంచినీటి చేపలకు క్లోరిన్ పోగొట్టిన కొళాయి నీళ్లు చాలు. పైగా ఖనిజాలన్నీ తీసేసిన నీళ్లు వాటికి మంచిది కూడా కాదు. పగడాలు లేకుండా ఉప్పునీటి చేపలు మాత్రమే పెంచేవాళ్లు కూడా, కొళాయి నీళ్లు బాగుంటే, క్లోరిన్ తీసేసి సర్దుకోవచ్చు. చేపలు నైట్రేటును కొంత ఓర్చుకుంటాయి. శుద్ధజలం తప్పదనేది పగడాలకే.

కానీ దానికో ఖరీదుంది. ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లిస్తే రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వదిన తొట్టికి ఏడాదికి తరిగేవి 730 లీటర్లు, పదిహేను రోజులకోసారి మార్చేవి 20 చొప్పున 520 లీటర్లు. మొత్తం 1250. మూడింతలు వృథా అయితే 3750 లీటర్లు! కొండవాలు వాడల్లో ఆడవాళ్లు బిందెలతో ట్యాంకరు కోసం కాచుకునే ఊరు మనది. ఆ నీళ్లు మోరీలో పోతుంటే మనసెలా ఒప్పుతుంది? వదిన ఆ గొట్టాన్ని డ్రమ్ములోకి పెట్టింది. ఇల్లు తడిగుడ్డ పెట్టడానికి, బాత్‌రూములు కడగడానికి, బట్టలు మొదటిసారి జాడించడానికి ఆ నీళ్లే.

పగడం కొనేముందు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. మంగళసూత్రాల్లో మనం గుచ్చుకునే ఎర్ర పగడం వేరు, దిబ్బలు కట్టే రాతి పగడాలు వేరు. రాతి పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రల్నీ, నల్ల పగడాల్నీ మన ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. సముద్రపు గుర్రాలకూ అదే రక్షణ. పట్టుకున్నా, అమ్మినా నేరమే. రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చచ్చిన పగడపు ముక్కకూ చట్టం వర్తిస్తుంది. అలంకారానికి బాగుందని ఎవరో అమ్మితే తెచ్చి తొట్టిలో పెట్టారో, ఇరుక్కునేది మీరే.

చట్టానికి కారణం ఉంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి మన పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. 2024లో లక్షద్వీప్‌లో మళ్లీ అదే. మిగిలినవాటిని కూడా మనం హాల్లోకి పీక్కొస్తే ఇంకేం మిగులుతుంది?

వదినకూ ఒక దుకాణంలో ‘రాతి పగడం ఉందండి, ఎవరికీ చెప్పకండి’ అని చూపించారట. ఎవరికీ చెప్పకూడనిది నా ఇంట్లో ఎందుకని తిరిగొచ్చేసింది. మెత్తటివైనా ఏ రకమో, ఎక్కడివో చెప్పి రసీదు ఇచ్చేవాళ్ల దగ్గరే కొనాలి. అనుమానం ఉంటే అటవీశాఖ వారిని అడగాలి.

మొన్న మళ్లీ వెళ్లాను. నీళ్లు మార్చి నాలుగు నెలలైంది. గోధుమరంగు పాచి దాదాపు పోయింది. నాచు తగ్గుతోంది. మిగిలిన ఒక్క పగడం మళ్లీ విచ్చుకుంటోంది. పోయిన మూడింటి చోటా కొత్తవి పెట్టలేదు.

“ఉన్నది బతికితే చాలు. ఆ చేపలకు పగడాలే ఉండాలని లేదట కదా!” అంది వదిన. నిజమే. నీమోగాళ్లు పగడం లేకున్నా హాయిగా బతుకుతారు. మన దేశంలోనే క్లౌన్ చేపల్ని తొట్లలో పుట్టించి పెంచే పద్ధతి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కనిపెట్టారు. అలా పెంచినవి అడిగి కొనుక్కుంటే సముద్రానికీ నష్టం లేదు.

బకెట్టు మాత్రం ఇప్పుడు అన్నయ్య చేతిలో ఉంది. పగటి షిఫ్టు వారం నీళ్ల పని ఆయనదేనట!

గుర్తుంచుకోండి

* ఆవిరై తరిగిన దానికి ఉప్పు కలపని శుద్ధజలమే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది.

* మార్చే నీళ్లలో ఉప్పు వేరే బకెట్టులో కలిపి, మోటారుతో ఒక రోజు తిప్పాకే తొట్టిలో పోయాలి.

* టీడీఎస్ మీటరు ఎంత కరిగి ఉందో చెబుతుంది గానీ ఏం కరిగి ఉందో చెప్పదు. అంకె పెరుగుతుంటే ఫిల్టర్లు మార్చే వేళయిందని అర్థం.

* నీళ్లు పట్టడానికి ప్లాస్టిక్ డ్రమ్మే వాడండి. రాగి, ఇత్తడి బిందెలు తొట్టి దరిదాపులకు రానివ్వకండి.