కర్రసాము కాళ్లు... బాక్సింగ్ చేతులు!

దసరా వస్తోందంటే చాలు... గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కర్రలు గిర్రున తిరుగుతాయి. ఓ పక్క పత్తి చేలు, మరో పక్క మిరప తోటలు, మధ్యలో ఊళ్లో కుర్రాళ్ల కర్రసాము! అలా కర్ర తిప్పిన కుర్రాడో, బళ్లో కరాటే నేర్చిన అమ్మాయో రేపు బాక్సింగ్ రింగులోకి దిగితే? నేర్చిందంతా మర్చిపోవాల్సిందేనా?

అక్కర్లేదంటోంది చరిత్ర. 1719 నుంచి ఇంగ్లండ్ తొలి ఛాంపియన్‌గా పేరొందిన జేమ్స్ ఫిగ్ లండన్‌లో ఏం నేర్పేవాడో తెలుసా? ముష్టియుద్ధంతోపాటు కత్తిసాము, కర్రసాము కూడా!

కాకపోతే ఓ చిక్కుంది. ఏ విద్యలో నిలబడే తీరైనా దాని నిబంధనల్లోంచే పుడుతుంది. మోకాలు వంచి బారుగా అడుగేసే కరాటే భంగిమలో బలముంటుంది. కానీ చటుక్కున పక్కకు తప్పుకోవడం కష్టం. ఓ పిడికిలి నడుం దగ్గరుంచడం అలవాటైతే ఆ వైపు దవడకు కాపలా ఉండదు. తైక్వాండోలోలా పూర్తిగా పక్కకు తిరిగితే వెనక చేతి పంచ్ అందదు. థాయ్ బాక్సింగ్‌లో ముందు కాలు తేలిగ్గా ఉంచేది ప్రత్యర్థి తన్నును అడ్డుకోవడానికి. బాక్సింగ్‌లో తన్నడమే నిషిద్ధం. ఇక ఆ జాగ్రత్త ఎందుకు?

బాక్సర్ నిలబడే తీరు వేరు. కాళ్లు భుజాలంత ఎడంగా, ఒకటి ముందుకు. వెనక మడమ కాస్త పైకి. గడ్డం కిందికి. పిడికిళ్లు బుగ్గల దగ్గర. అంతే!

మరి పాత విద్య వృథాయేనా? కాదు. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో కంటితో కొలవడం, మీదికొస్తుంటే బెదరకపోవడం, అడుగు మార్చడం... ఇవన్నీ వెంట వస్తాయి. థాయ్ బాక్సింగ్ నుంచి వచ్చిన సెన్సాక్ మువాంగ్సురిన్ 1975లో తన మూడో ప్రొఫెషనల్ పోటీకే ప్రపంచ టైటిల్ గెలిచాడు. అస్సాం అమ్మాయి లవ్లీనా బొర్గోహెయిన్‌ది మొదట అదే విద్య. 2021లో టోక్యో ఒలింపిక్స్ కాంస్యం, 2023లో ప్రపంచ టైటిల్ సాధించింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదలెట్టిందైతే పరుగు పందేలతో! 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయింది.

అమ్మానాన్నలు గమనించాల్సింది ఒకటే. పాత అలవాటుతో చేతులు కిందికి జారితే దెబ్బ పడేది తలకే. అందుకే ముందు అద్దం ఎదుట సాధన. చేతులు పైన నిలిచాకే ఎదురెదురు పోటీ. కర్ర పట్టినా, గ్లవ్స్ తొడిగినా... ముందు కుదరాల్సింది అడుగే!