రేషన్ కార్డు చెప్పే కంప్యూటర్ సైన్స్ తొలి పాఠాలు

రాయ్‌పుర్: కంప్యూటర్ సైన్స్ అనగానే ప్రోగ్రామింగ్ భాషలు, ఖరీదైన ల్యాప్‌టాప్‌లు గుర్తుకు రావడం సహజం. అయితే ఒక పనిని సందేహానికి తావులేని దశలుగా విడదీసి చెప్పడమే ఈ శాస్త్రానికి పునాది. ఛత్తీస్‌గఢ్‌లో ప్రజా పంపిణీ వ్యవస్థ కంప్యూటరీకరణ ఇందుకు చక్కని ఉదాహరణ. 2007-08లో ఆ రాష్ట్రం రేషన్ కార్డుల వివరాలను ఒకే డేటాబేస్‌లోకి చేర్చింది. 2012లో రాజధాని రాయ్‌పుర్‌లో ‘కోర్ పీడీఎస్’ పేరిట, కార్డుదారులు తమకు నచ్చిన చౌకధరల దుకాణంలో సరకులు తీసుకునే విధానం మొదలైంది. ఇలాంటి వ్యవస్థకు ఆధారమైనవి ఈ శాస్త్రంలో తొలి ఏడాది విద్యార్థులు నేర్చుకునే అంశాలే.

సమాచారం నిల్వ ఎలా?

కంప్యూటర్ గుర్తించేవి రెండే స్థితులు: 0, 1. వీటిలో ఏదో ఒకదాన్ని నిల్వచేసే అతి చిన్న ప్రమాణం బిట్. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. దానితో 256 వేర్వేరు విలువలను సూచించవచ్చు. కుటుంబ పెద్ద పేరు, చిరునామా, సభ్యుల సంఖ్య, బియ్యం కోటా అన్నీ చివరకు బిట్ల వరుసలుగానే నిల్వ అవుతాయి. ఒక కుటుంబం వివరాలన్నీ కలిపి ఒక రికార్డు. ఒకే పేరు పలువురికి ఉండవచ్చు కనుక, ప్రతి రికార్డుకూ మరెవరికీ లేని సంఖ్య ఒకటి కేటాయిస్తారు. దీనినే ‘కీ’ అంటారు.

20 పోలికల్లో కార్డు

10 లక్షల కార్డులలో ఒకదాన్ని మొదటి నుంచి వరుసగా వెతికితే, 10 లక్షల సార్లు పోల్చవలసి రావచ్చు. కార్డులు సంఖ్యాక్రమంలో ఉంటే మార్గం సులువు. ముందుగా మధ్యనున్న కార్డును చూడాలి. కావలసిన సంఖ్య అంతకన్నా పెద్దదైతే మొదటి సగాన్ని, చిన్నదైతే రెండో సగాన్ని వదిలేయాలి. మిగిలిన భాగంలోనూ ఇదే పద్ధతి పాటిస్తే 20 పోలికల్లోపే ఫలితం తేలుతుంది. దీని పేరు బైనరీ సెర్చ్. ఇలా దశలవారీగా రాసుకున్న కచ్చితమైన పద్ధతే అల్గారిథం.

రెండుసార్లు నమోదైన కార్డులను పట్టుకోవడంలోనూ పద్ధతిదే ప్రాధాన్యం. ప్రతి కార్డును మిగిలిన అన్నింటితో పోల్చాలంటే సుమారు 50,000 కోట్ల పోలికలు అవసరం. ముందుగా పేర్లను అక్షరక్రమంలో పేర్చితే ఒకేలా ఉన్నవి పక్కపక్కనే చేరతాయి. ఇందుకు సుమారు 2 కోట్ల పోలికలు సరిపోతాయి.

ఒకే సమయంలో రెండు దుకాణాలు

ఏ దుకాణంలోనైనా సరకులు తీసుకునే వీలున్నప్పుడు కొత్త సమస్య ఎదురవుతుంది. ఒకే కార్డుపై రెండు చోట్ల ఒకే క్షణంలో బియ్యం అడిగితే, రెండు యంత్రాలకూ కోటా మిగిలే ఉన్నట్లు కనిపించవచ్చు. అందుకే కోటాను పరిశీలించడం, తగ్గించడం అనే రెండు పనులనూ విడదీయరాని ఒకే చర్యగా డేటాబేస్ నిర్వహించాలి. దీనిని ట్రాన్సాక్షన్ అంటారు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ప్రారంభమైన రేషన్ పోర్టబిలిటీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

నియమం తప్పితే

యంత్రం తనకు ఇచ్చిన నియమాన్ని మాత్రమే పాటిస్తుంది. ఒకే ఊరిలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గల ఇద్దరు ఉండవచ్చు. ‘పేర్లు కలిస్తే నకిలీ’ అని రాస్తే అర్హులైన కుటుంబానికి బియ్యం ఆగిపోతుంది. అదే సమయంలో, ఒక అక్షరం తేడాతో నమోదైన అసలైన నకిలీ తప్పించుకుంటుంది. కాబట్టి కార్డు రద్దుకు ముందు క్షేత్రస్థాయి విచారణ జరగాలి. బాధితుల అభ్యంతరం వినే ఏర్పాటు ఉండాలి. ఇవి కూడా వ్యవస్థ రూపకల్పనలో భాగమే.

ఆరంభం ఎక్కడ?

రాయ్‌పుర్ ఎన్‌ఐటీ, 2015లో ఏర్పాటైన నవ రాయ్‌పుర్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలలో ఈ అంశాలను లోతుగా బోధిస్తారు. తొలి అడుగుకు మాత్రం కాగితం, కలం చాలు. 15 చీటీలపై సంఖ్యలు రాసి, సంఖ్యాక్రమంలో బోర్లించి పెట్టాలి. వాటిలో ఒకదాన్ని 4 చీటీలకు మించి తెరవకుండా కనుగొనే పద్ధతిని, ఆట తెలియని వ్యక్తికి అర్థమయ్యేలా రాయాలి. అతడు ఎక్కడ ఆగిపోతే అక్కడ సూచన అసంపూర్ణంగా ఉన్నట్లే. దాన్ని సరిదిద్దడంతోనే ప్రోగ్రామింగ్ అభ్యాసం మొదలవుతుంది.