బిడ్డ బరువు – కార్డు చెప్పు మాట

శింగనమల చెఱువు నిండిన యేఁట పల్లెలకుఁ గళ యుండును; ఎండిన యేఁట కూలికై బెంగుళూరు దాఁక పోవు సంసారములు కలవు. అనంతపురము సీమలో సాలుకుఁ గురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. కఱవు మొదట గాదెలోఁ గనఁబడును. పిదప బిడ్డ యొడలిలోఁ గనఁబడును. ఆ క్షీణతను వేళకుఁ గనిపెట్టుట 1975లో నారంభమైన శిశు అభివృద్ధి పథకమున అంగన్వాడి కార్యకర్తల కప్పగింపఁబడిన పని. అందులకు వారికి నేర్పు సాధనము ఎదుగుదల పటము. పచ్చపట్టె వయసునకుఁ దగిన బరువు. పసుపుపట్టె తక్కువ బరువు. దాని దిగువది మిక్కిలి తక్కువ.

బిడ్డను తూఁచుట సులభమే. తూఁచిన యంకెను సరియైన గడిలో గుర్తించుటయే కష్టము. 18 నెలల యాఁడుబిడ్డ 7.5 కిలోలు తూఁగిన దనుకొందము. చుక్క పసుపుపట్టెలోఁ బడవలెను. లెక్క తప్పి 12 నెలల గడిపై నుంచినచో నదే చుక్క పచ్చపట్టెలోఁ బడును. తల్లి నిశ్చింతగా నింటికిఁ బోవును. ఇట్టి తప్పునకుఁ గార్యకర్తను నిందించుట లోకమునకు వాడుక. మేము మాత్రము ముందుగాఁ గాగితమును బరీక్షింపవలయు నందుము.

1950ల చివర నైజీరియా పల్లెలలోఁ బనిచేసిన ఆంగ్లవైద్యుఁడు డేవిడ్ మోర్లీ యట్లే చేసెను. ఆయన పటము నడుగున గడులుండును. మొదటి గడిలోఁ బుట్టిన నెలను వ్రాసి, తక్కిన గడులను వరుసగా నెలల పేర్లతో నింపినచో, ప్రతిమాసము వయసు లెక్కింపఁ బనిలేదు. మన తల్లీబిడ్డల రక్షణకార్డులోను ఈ పద్ధతియే కలదు. ఆఁడుపిల్లల పటము గులాబి, మగపిల్లలది నీలము. ఈ రంగులు శోభకై కావు. 12 నెలల వయసున 7.2 కిలోలు ఆఁడుబిడ్డకుఁ బచ్చ, మగబిడ్డకుఁ బసుపు. పటము మాఱినచో తీర్పే మాఱును.

2021 నుండి ఫోనులోని పోషణ్ ట్రాకర్ ఈ లెక్కను తానే చేయుచున్నది. అది మేలే. కాని వేలు తప్పి 7కు బదులు 9 నొక్కినచో, ఆ తప్పుటంకెకే లెక్క కట్టును. గతమాసముల గీత కన్నులయెదుట నున్నచో, ఒక్కమాఱుగా నెగిరిన చుక్కను చదువురాని తల్లియైనఁ బట్టుకొనఁ గలదు.

కావున, సోదరీమణులారా, తూఁచిన దినమున కార్డును వెంటఁ గొనిపోయి చుక్క పెట్టించుఁడు. గత నెల చుక్కతోఁ గలిపి చూడుఁడు. గీత పైకిఁ బోయిన సంతోషము. చదునైనను, దిగినను, అది పచ్చపట్టెలోనే యున్నను, కారణ మడుగకుండ నింటికి రావలదు.