నూనె లేని స్ప్రింగు

మా అన్నయ్య కొడుకు కిష్టారం వైపు బళ్లో పంతులుగా చేరిన కొత్తల్లో ఫోన్ చేశాడు.

"బాబాయ్, సైకిలు కొందామనుకుంటున్నా. డబుల్ షాకర్. ముందొక స్ప్రింగు, నడుమ ఒక స్ప్రింగు. పన్నెండు వేలంట. ఈ దార్లకి అదే కదా మంచిది?"

"కొనకురా" అన్నాను. ఎందుకన్నాడు. అరగంట చెప్పాను. సగమే చెప్పానని తర్వాత అనిపించింది. మిగతా సగం కూడా కలిపి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

కిష్టారం ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లాలో ఉంది. కానీ జబ్బు చేసినా, సరుకు కావాలన్నా ఆ చుట్టుపక్కల చాలామంది చూపు భద్రాచలం వైపే. దుమ్ముగూడెం మండలం లక్ష్మీనగరం దాటితే సరిహద్దులో మారాయిగూడెం, ఆపైన గొల్లపల్లి, కిష్టారం, పలోడి. కోయ, దోర్ల మాటల మధ్య తెలుగూ వినబడే ఊళ్లు. 2018 మార్చి 13న కిష్టారం, పలోడిల మధ్య మందుపాతర పేలి 9 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మందుపాతరను తట్టుకునేలా కట్టిన బండిలోనే వాళ్లున్నారు. రోడ్డు వేయడానికీ, వేసిన రోడ్డు మీద వెళ్లడానికీ కూడా ఏళ్ల తరబడి భయపడిన ప్రాంతమది. చాలా ఊళ్లకు కాలిబాటే రోడ్డు. దాని మీద నడిచేవి కాళ్లు, సైకిలు, ఈమధ్య మోటారు సైకిలు.

ఆ బాట ఎలా ఉంటుందంటే, ఎండాకాలం మడమ లోతు ఎర్రదుమ్ము. వానాకాలం ఆ దుమ్మే జిగట. అడ్డంగా చెట్ల వేళ్లు, వాగు దిగేచోట గుండ్రాళ్లు, ట్రాక్టరు తొక్కిన గాడి. ఇలాంటి దారిని అమెరికాలో, ఐరోపాలో డబ్బు పెట్టి తవ్వించుకుని మరీ సరదాగా తొక్కుతారు. ఇక్కడ ఉప్పు ప్యాకెట్టు తేవాలన్నా అదే దారి.

రాయి ఎదురైతే చక్రం దాన్ని ఎక్కాలి. చక్రంతో పాటు ఫ్రేము, ఫ్రేముతో పాటు మనిషి. అరవై కిలోల మనిషిని రెప్పపాటులో నాలుగు వేళ్ల ఎత్తుకు విసిరేసే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? మనం తొక్కి సంపాదించుకున్న వేగంలోంచే. అందుకే గతుకుల దారి నడుము విరగ్గొట్టడమే కాదు, వేగాన్నీ మింగేస్తుంది. చక్రం ఒక్కటే లేచి దిగి, మనిషి ఉన్న ఎత్తులోనే ఉండిపోతే? సస్పెన్షన్ అంతా ఆ ఒక్క ప్రశ్నకు వెతుకులాట. సుఖం సంగతి తర్వాత.

ఈ వెతుకులాట సైకిలంత పాతది. 1860ల్లో ఫ్రాన్సులో పెడళ్లు తగిలించిన తొలి సైకిళ్లకు ఇంగ్లిషువాళ్లు పెట్టిన ముద్దుపేరు 'ఎముకలు కదిపేది'. 1885లో ఇంగ్లండులో రెండు సైకిళ్లు వచ్చాయి. ఒకటి జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్. ఇవాళ మనం తొక్కే సైకిళ్లన్నిటికీ ముత్తాత. రెండోది లిన్లీ అండ్ బిగ్స్ వాళ్ల విప్పెట్. సీటు, హ్యాండిలు, పెడళ్లు మూడూ ఒక కట్టుగా ఉండి, చక్రాలున్న ఫ్రేము మీద స్ప్రింగుతో వేలాడేవి. అంటే మావాడి డబుల్ షాకర్, అదే ఫుల్ సస్పెన్షన్, నిన్నమొన్నటిది కాదు, నూట నలభై ఏళ్ల నాటి ఆలోచన.

దాన్ని చంపింది గాలి. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. (రాబర్ట్ థామ్సన్ అనే ఆయన 1845లోనే ఇదే కనిపెట్టాడు, అప్పుడు ఎవరికీ పట్టలేదు.) గాలి టైరు వచ్చాక స్ప్రింగు సైకిళ్ల కొట్టు మూతపడింది. చిన్న రాయిని టైరే మింగేస్తుంటే బరువైన స్ప్రింగులు మోయడం ఎవరికి ఇష్టం? టైరే మొదటి సస్పెన్షన్. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మా నాన్న నల్ల సైకిలుకు ఉన్న స్ప్రింగులన్నీ సీటు కిందే. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ తయారుచేసిన హెర్క్యులస్ అది. దాని ఇరవై ఎనిమిది అంగుళాల చక్రంలో టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పుడు కొత్త వింతలా అమ్ముతున్న 29 అంగుళాల మౌంటెన్ బైకు రిమ్ము 622. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగుతుందన్న సూత్రాన్ని మన పాలవాళ్లు చదవకుండానే వాడుకున్నారు. నాన్న దాని మీద రెండు బస్తాల వడ్లు వేసుకుని నెట్టుకొచ్చేవాడు. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్లు అడవి బాటల్లో వేలాది సైకిళ్లతో సరుకు చేరవేసింది కూడా ఇలాగే, తొక్కుతూ కాదు, నెట్టుతూ. ఒక్కో సైకిలు మీద రెండు వందల కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

1962లో అలెక్స్ మోల్టన్ చిన్న చక్రాల సైకిలుకు ముందూ వెనకా రబ్బరు స్ప్రింగులు పెట్టి అమ్మాడు. మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ చేసింది ఈయనే. 1956లో సూయెజ్ గొడవతో పెట్రోలు కరువై సైకిలు మీద ధ్యాస మళ్లిందట. బాగానే అమ్ముడుపోయింది, కానీ అది పట్నం సైకిలు.

కొండదారి కథ కాలిఫోర్నియాలో మొదలైంది. మౌంట్ తమల్‌పైస్ పక్కన కొందరు కుర్రాళ్లు, పేపర్లు వేసే పిల్లల కోసం 1930, 40ల్లో తయారైన లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లు తుక్కు ధరకు కొని కొండమీంచి వదిలేవాళ్లు. 1976 అక్టోబరు 21న తొలి పందెం. మూడు కిలోమీటర్ల చిల్లరలో నాలుగు వందల మీటర్ల దిగుడు. దారి పేరు రీప్యాక్. ఎందుకంటే వెనక హబ్బులోని బ్రేకు కాలి, గ్రీజంతా పొగై పోయేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు దట్టించాల్సిందే. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అక్కడివాళ్లే. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను పెద్ద ఎత్తున తయారుచేసి ఈ పిచ్చిని దుకాణానికి తెచ్చింది. అప్పటికీ స్ప్రింగు లేదు.

స్ప్రింగు మోటారు సైకిళ్ల నుంచి వచ్చింది. మోటోక్రాస్ పందేల్లో మెకానిక్‌గా పనిచేసిన పాల్ టర్నర్ 1989లో ముందు చక్రాన్ని పట్టుకునే రాక్‌షాక్స్ ఫోర్కు చేశాడు. కదలిక మొత్తం రెండంగుళాలు. లోపల గాలి, నూనె. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి ప్రపంచ పోటీలు జరిగితే, దిగుడు పందెంలో గ్రెగ్ హెర్బోల్డ్ ఈ ఫోర్కుతోనే గెలిచాడు. ఇక ముందు చక్రం గురించి వాదన ముగిసింది.

వెనక చక్రం అంత తేలిగ్గా లొంగలేదు. వెనక చక్రానికి చైను ఉంది మరి. తొక్కిన ప్రతిసారీ చైను చక్రాన్ని ముందుకు లాగుతుంది, మన బరువు వెనక్కి పోతుంది, వెనక స్ప్రింగు, అంటే షాక్, అణుగుతుంది, కాలు పైకొచ్చేసరికి మళ్లీ లేస్తుంది. ఎక్కుడులో తొక్కేవాడు సగం బలంతో సైకిలును ముందుకు, సగం బలంతో కిందికీ పైకీ తోస్తున్నట్టే. తొలినాటి ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లు గుర్రంలా ఊగేవి. ఆస్ట్రియా నుంచి కాలిఫోర్నియాకు వచ్చిన మోటోక్రాస్ పందెగాడు హార్స్ట్ లైట్నర్ దీనికి ఒక కీలు కనిపెట్టాడు. చైను పక్కన వెనక్కి సాగే కడ్డీకి, ఇరుసుకు కాస్త ముందు, ఒక కీలు వేశాడు. దాంతో చక్రం ఒక చుక్క చుట్టూ వృత్తంలో తిరగకుండా వేరే ఒంపులో కదులుతుంది. చైను లాగుడూ, బ్రేకు లాగుడూ షాక్‌ను తక్కువగా కదిలిస్తాయి. చూపుడువేలంత కీలు. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ కొనుక్కుంది. అమెరికాలో అమ్మాలంటే ఇతరులు రుసుము కట్టాలి, లేదా వేరే ఉపాయం వెతుక్కోవాలి. 2013లో గడువు తీరాక ఆ కీలు అందరిదీ అయింది. మధ్యరకం ధరలో మంచి ఫుల్ సస్పెన్షన్లు రావడానికి అదొక కారణం.

మరి మావాడు చూసిన పన్నెండు వేల సైకిలు? దానికీ కీలుంది, స్ప్రింగుంది. లేనిది నూనె.

బ్యాంకు తలుపు తోసి వదలండి. ధనామని కొట్టుకోదు, మెల్లగా వచ్చి మూసుకుంటుంది. పైనున్న పెట్టెలో స్ప్రింగుతో పాటు నూనె ఉంటుంది గనక. స్ప్రింగుది ఒకటే బుద్ధి, తీసుకున్నదంతా అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తుంది. గుంత దగ్గర మింగిన దెబ్బను అటు దాటగానే మీ వీపుకి అప్పజెబుతుంది. నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరాల్సి వచ్చి, ఆ రాపిడిలో దెబ్బలో కొంత వేడిగా మారిపోతుంది. గట్టి దిగుడు దిగాక మంచి షాక్‌ను ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. అసలు పని జరిగిందనడానికి గుర్తు ఆ వేడే.

చవక షాక్ స్ప్రింగు మీద చాలాసార్లు ఒక అంకె రాసి ఉంటుంది, 750 అని. అంటే దాన్ని ఒక అంగుళం అణచడానికి 750 పౌన్ల బరువు కావాలి, సుమారు 340 కిలోలు. అరవై కిలోల మనిషిది వెనక చక్రం మీద పడేది ముప్పై ఆరు కిలోలు అనుకుందాం. కీలు వల్ల షాక్ మీద అది రెండింతలైనా డెబ్బై రెండు. ఆ స్ప్రింగు సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు అణుగుతుంది, అంతే. మంచి సైకిల్లో కూర్చోగానే షాక్ తన కదలికలో పావు వంతు నుంచి ముప్పై శాతం దాకా దిగాలి. అలా దిగి ఉంటేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకోగలుగుతుంది. స్ప్రింగు మీద మర ఉంటుందిగా, బిగిస్తే వదిలితే సరిపోదా అంటారు కొట్టువాళ్లు. ఆ మర స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు, మొదటి అణుగుడు ఎక్కడ మొదలవ్వాలో మారుస్తుందంతే. నేనూ ఒకప్పుడు అలాంటిదొకటి కొని, ఆ మరను ఆర్నెల్లు తిప్పీ తిప్పీ తెలుసుకున్నాను. ఏడో నెలలో కీలు దగ్గరి ప్లాస్టిక్ బుష్ అరిగి, వెనక చక్రం తోక ఊపడం మొదలెట్టింది. పద్దెనిమిది కిలోల ఇనుము, అమ్మితే తూకానికే పోయింది.

ఇంకో సంగతి ఉంది, కిష్టారానికి అది షాక్ కంటే ముఖ్యం. క్యారియరు. వెనక చక్రం కదిలే సైకిలుకు క్యారియరు బిగించడం కష్టం, బిగించినా బరువు మోయదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చే సైకిలును చూడండి, ముందు బుట్ట, వెనక క్యారియరు. రేషన్ బియ్యం, చింతపండు, చెల్లెలు, అన్నీ దాని మీదే.

నికార్సైన ఫుల్ సస్పెన్షన్ కొత్తది మామూలుగా లక్ష రూపాయల పైమాటే. లక్షంటే ఆ అడవిలో ఎంత? తునికాకు స్టాండర్డ్ బస్తాకు 2024లో ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చిన ధర 5,500 రూపాయలు. బస్తాకు 1,000 కట్టలు, కట్టకు 50 ఆకులు. లక్ష కావాలంటే తొమ్మిది లక్షల ఆకులు కోసి, పేర్చి, కట్టాలి. పన్నెండు వేలన్నా లక్షా తొమ్మిది వేల ఆకులే. చవకన్న మాట ఎవరి లెక్కలో?

లక్ష ఉండి, ఆటకే తొక్కేవాళ్లకు నా అభిప్రాయం చెబుతాను. చక్రానికి 120, 130 మిల్లీమీటర్ల కదలిక చాలు. కీలు ఒక్కటే ఉన్న సాదా డిజైనైనా ఫర్వాలేదు, కానీ కీళ్లలో మూత వేసిన బేరింగులుండాలి, షాక్‌కు తిరిగొచ్చే వేగం సవరించే మర ఉండాలి. షాక్ కదలిక 50 మిల్లీమీటర్లయితే మీరు కూర్చున్నప్పుడు దాని కడ్డీ మీది రబ్బరు రింగు పన్నెండు నుంచి పదిహేను మిల్లీమీటర్లు జరగాలి. గాలి షాక్‌కు యాభై గంటల సవారీకోసారి లోపల శుభ్రం చేయమంటారు తయారీదార్లు. రోజుకో గంట తొక్కితే రెండు నెల్లు కూడా కాదు. ఆ పని చేతనైనవాడు మీ ఊళ్లో ఉన్నాడో లేదో ముందు చూసుకోండి. పంచరు వేసి, పుల్లలు లాగి బెండు తీసే మన కొట్టు అబ్బాయిని దీని జోలికి రానివ్వకండి, పాపం అతనికి ఆ పనిముట్లు లేవు.

మావాడు చివరికి వెనక స్ప్రింగు లేనిది, ముందు ఫోర్కులో నూనె ఉన్నది కొన్నాడు, ఇరవై వేల చిల్లరకు. టైర్లు రెండుంబావు అంగుళాల లావువి. గాలి సగానికి తగ్గించి తొక్కమన్నాను. వారం తర్వాత ఫోన్ చేశాడు. "బాబాయ్, గాలి తగ్గించాక చెట్ల వేళ్ల మీద ఎగరడం లేదు" అన్నాడు. వెనక క్యారియరు బిగించుకున్నాడట, దాని మీద బడి పుస్తకాల కట్ట, ఒక్కోసారి ఒక పిల్లవాడు.

మీరూ కొనబోతుంటే ఒక పని చేయండి. కొట్టులోనే సీటు మీద రెండు చేతులూ ఆనించి బలంగా నొక్కి, ఠక్కున వదలండి. సైకిలు లేచి అక్కడే ఆగితే ధర అడగండి. రెండోసారి ఊగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.