ఉప్పుగాలిలో కారు మెరుపు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా దాటుతుంది. కార్తీకంలో రోడ్డుకు రెండు వైపులా నీళ్లు, నీళ్లలో ఫ్లెమింగోలు. మే నెల వచ్చేసరికి అదే చోట నెర్రెలు విచ్చిన బురద నేల, దాని మీద తెల్లగా పేరుకున్న ఉప్పు. సాయంత్రం గాలి లేచిందంటే ఆ ఉప్పుదుమ్ము రోడ్డు మీదికి వస్తుంది. శ్రీహరికోట దీవికి అటువైపు బంగాళాఖాతం. దీవిలోని రాకెట్ కేంద్రం షార్ ఉద్యోగుల కార్లయినా, సూళ్లూరుపేట, తడ ఊళ్లలోని ట్యాక్సీలయినా ఏడాది పొడుగునా ఈ గాలిలోనే తిరగాలి.

సముద్రతీరంలో బండ్లకు తొందరగా చిలుము పడుతుందని అందరికీ తెలుసు. ఎందుకు పడుతుందో తెలిస్తే కారు కడగడానికి ఏం కొనాలన్నది సగం తేలిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కయితే 33 శాతం తేమ చాలు. కాబట్టి కారు మీద వాలిన ఉప్పు రేణువు వాన కోసం ఎదురుచూడదు. రాత్రి మంచుకే కరిగి ఇనుమును తినే పలుచని ఉప్పునీటి పొర అవుతుంది. పగలు ఎండకు ఆరుతుంది, మళ్లీ రాత్రికి కరుగుతుంది. అందుకని ఈ ప్రాంతంలో కారుకు మొదటి మందు మైనం కాదు, మంచినీళ్లు. మైనం సంగతి ఆ తర్వాత. అది కూడా కారు పైన ఉన్న రంగు ఎలాంటిదో తెలిసినప్పుడే పనికొస్తుంది.

తొలినాళ్ల కార్లకు గుర్రపు బగ్గీలకు పూసే వార్నిష్‌నే పూసేవారు. ఒక పూత ఆరాక రుద్ది దాని మీద ఇంకొకటి పూసేవారు. ఒక్క కారు పూర్తవడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టి కార్లు 1914 నుంచి 1925 దాకా నలుపు రంగులో మాత్రమే రావడానికి కారణం కూడా పూతే. చవకైన, మన్నికైన పూత వాళ్లకు నలుపులోనే దొరికింది.

రంగు కోసం వారాలు ఆగాల్సిన ఆ చిక్కును విడదీసింది మందుగుండు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ మందు కోసం నైట్రోసెల్యులోజ్ తయారు చేసిన డ్యూపాంట్ కంపెనీ, యుద్ధం ముగిశాక అదే పదార్థంతో డ్యూకో అనే కారు రంగును తెచ్చింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లను జనరల్ మోటార్స్ ఈ రంగుతో నీలంగా అమ్మింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. అయితే ఆరిన డ్యూకో పూత తనంతట తాను మెరవదు, దాన్ని పాలిష్ పట్టాలి. కొన్నేళ్లు ఎండ తగిలితే వెలిసి పొడిపొడిగా రాలుతుంది. రుద్ది పై పొర తీసేసి మైనం పూస్తే మళ్లీ కొత్తదిలా ఉంటుంది. ఇంట్లో కారుకు పాలిష్ పెట్టుకునే అలవాటును జనంలో పాతుకుపోయేలా చేసింది ఆ తరం రంగులే.

మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల మీద కూడా పైనుంచి కింది దాకా రంగే ఉండేది. రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే గుడ్డకు కారు రంగు అంటేది. ఇప్పటి కార్లలో చాలావాటి నిర్మాణం వేరు. ఇనుప రేకును ముందు ఫాస్ఫేట్ స్నానంలో ముంచుతారు. తర్వాత కరెంటు పెట్టిన రంగు తొట్టెలో మొత్తం బాడీని ముంచి తీస్తారు. 1960లలో ఫోర్డ్ కంపెనీ వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతి వల్ల చెయ్యి దూరని సందుల్లో కూడా రంగు పట్టుకుంటుంది. చిలుమును ఆపే అసలు గోడ అదే. దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నింటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. 1980లలో ప్రపంచమంతా పాకిన ఈ చివరి పొర మందం 40 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకంటే లావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు అందులోనే ఉంటాయి.

ఈ క్లియర్ కోట్‌కు శ్రీహరికోటలో ఒక దగ్గరి చుట్టం ఉంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి దశలో దాదాపు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అమ్మోనియం పెర్‌క్లోరేట్‌ను, అల్యూమినియం పొడిని హెచ్‌టీపీబీ అనే చిక్కటి రబ్బరు ద్రవంలో కలిపి దీవిలోని ప్లాంటులోనే పోత పోస్తారు. ఆ ద్రవపు అణువుల చివర ఉండే హైడ్రాక్సిల్ కొసలు ఐసోసయనేట్‌తో ముడిపడినప్పుడు ఇంధనం గట్టిపడి ముద్ద అవుతుంది. ఆ ముడి పేరు యూరేథేన్. డెంటింగ్ షెడ్డులో పీయూ (పాలీయూరేథేన్) పెయింట్ కొట్టేవాళ్లు రంగులో హార్డెనర్ కలుపుతారు కదా, ఆ హార్డెనర్ కూడా ఐసోసయనేటే, అక్కడ పడే ముడీ యూరేథేనే. రాకెట్టును నింగికి లేపే ఇంధనాన్ని పట్టి ఉంచేదీ, షెడ్డులో రంగు వేసిన బానెట్ మీద అద్దంలా మెరిసేదీ ఒకే రసాయన బంధం. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. అందుకే ఈ రకం రంగును ఇంటి వసారాలో స్ప్రే చేసే సాహసం ఎవరూ చేయకూడదు.

ఇక మైనం. ఈశాన్య బ్రెజిల్‌లో, సియారా, పియావీ రాష్ట్రాల కరువు నేలల్లో కార్నౌబా అనే చెట్టు పెరుగుతుంది. మన తాటిచెట్టులాగే విసనకర్ర ఆకులు. ఎండాకాలంలో ఆకులోని నీరు ఆవిరైపోకుండా అది తన ఒంటి మీద మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి కొడితే ఆ మైనం పొడిగా రాలుతుంది. మొక్కల మైనాల్లో దీనంత గట్టిది దొరకడం కష్టం. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. తేనెటీగల మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్యే కరుగుతుంది, పారఫిన్‌లో చాలా రకాలు అంతకంటే ముందే. మే నెల మిట్టమధ్యాహ్నం నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ అంకెల విలువ ఇట్టే తెలుస్తుంది. అక్కడి వేడి 70 డిగ్రీలు దాటగలదు. పారఫిన్ ఎక్కువగా ఉన్న చవక పాలిష్ మన ఎండల్లో ఎందుకు నిలవదో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇలాంటి మైనాలు, పాలిష్‌ల మీద పెద్ద వ్యాపారాలు లేచాయి. ఫ్రాంక్ మెగ్వయర్ 1901లో అమెరికాలో కొయ్య సామాన్ల పాలిష్ తయారీ మొదలుపెట్టాడు. షికాగోలో 1910 ప్రాంతంలో సిమోనిజ్ పుట్టింది. 1940లలో అదే ఊళ్లో బెన్ హిర్ష్ స్నానాల తొట్టెలో పాలిష్ కలిపి సీసాల్లో నింపి అమ్మాడు. తర్వాత అదే టర్టిల్ వాక్స్ అయింది. మన దేశంలో వాక్స్‌పాల్ డబ్బాలు ఎన్నో ఏళ్లుగా అందరికీ తెలిసినవే.

డబ్బా మీద నూరు శాతం కార్నౌబా అని ఉంటే పూర్తిగా నమ్మనక్కర్లేదు. అచ్చమైన కార్నౌబా రాయిలా గట్టిది, గుడ్డతో పూయడం అసాధ్యం. నూనెలు, ద్రావకాలు కలిపితేనే పేస్టు అవుతుంది. అందులో వాడిన మైనం కార్నౌబా ఒక్కటే అని మాత్రమే ఆ మాటకు అర్థం. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె ఏ పని చేస్తుందో మైనమూ అదే చేస్తుంది. గాలికీ నీటికీ అడ్డుగా తాను నిలిచి, తాను అరిగిపోతూ కింది దాన్ని కాపాడుతుంది. మన వాతావరణంలో అది నిలిచేది కొన్ని వారాలే. అయినా సరే, పిట్ట రెట్ట పడ్డప్పుడు ఆ పలుచని పొరే ఆదుకుంటుంది. పక్షులు చేరే నేలపట్టు, పులికాట్‌ల పక్కన బతికేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు మెత్తబడ్డ క్లియర్ కోట్, గట్టిపడ్డ రెట్ట చుట్టూ ముడుచుకుని మచ్చ మిగులుతుంది. రెట్టను గోకకండి. తడి గుడ్డ వేసి నాననిచ్చి ఎత్తండి.

షాపులో మూడు రకాల డబ్బాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రబ్బింగ్ కాంపౌండ్ అంటే గరుకు పొడి కలిపిన పేస్టు. పాలిష్ అందులోనే సన్నరకం. ఈ రెండూ క్లియర్ కోట్‌ను కొంచెం కొంచెంగా కోసేస్తాయి. వాక్స్ మాత్రం కోయదు, పూస్తుంది. క్లీనర్ వాక్స్ అన్నచోట రెండూ కలిసి ఉంటాయి. పండగకొకసారి కాంపౌండ్ పట్టించే అలవాటు అంబాసిడర్ కాలానికి చెల్లింది, అప్పుడు కింద ఎంత రుద్దినా రంగే. ఇప్పుడలా చేస్తే ఎండను ఆపే పొర తరిగిపోతుంది, మళ్లీ క్లియర్ కోట్ కొట్టిస్తే తప్ప అది తిరిగి రాదు. మీ కారు ఏ తరహాదో తేల్చుకోవడం తేలిక. కనిపించని మూల తెల్ల గుడ్డతో కాస్త పాలిష్ రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేదు.

డబ్బు పెట్టాల్సిన అసలు చోటు గుడ్డ. శ్రీహరికోట ఇసుక దీవి. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం పది మెట్ల మోస్ కొలతలో ఏడు. పొద్దున్నే పొడి గుడ్డతో కారు తుడవడం అంటే ఆ ఇసుకతోనే క్లియర్ కోట్‌ను గీయడం. ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే గీతలు అలా వచ్చినవే. జపాన్‌లో టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో 1970లో అతిసన్న పోగులతో తయారు చేసిన కృత్రిమ స్వెడ్ నుంచి ఇప్పటి మైక్రోఫైబర్ గుడ్డల వంశం మొదలైంది. చీల్చిన పోగుల సందుల్లోకి ధూళి చేరుతుంది, పైన పొర్లదు. బాడీకి ఒకటి, చక్రాలకు ఒకటి, వాక్స్ తుడవడానికి ఒకటి విడివిడిగా పెట్టుకోండి. నేల మీద పడ్డ గుడ్డను ఉతికే దాకా కారుకు తాకించకండి.

షాంపూ విషయంలో ఒక్కటే చూడాలి, అది పీహెచ్ 7కు దగ్గరగా ఉందా అని. బట్టల సబ్బుపొడిలో సోడా ఉంటుంది, దాని క్షారగుణం మైనాన్ని ఊడ్చేస్తుంది, అల్యూమినియాన్ని మసకబారుస్తుంది. అంట్ల లిక్విడ్ కూడా మైనాన్ని వదలదు. మెరుపు కోసం కిరోసిన్ గుడ్డతో తుడిచేవాళ్లు ఇంకా ఉన్నారు. రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

నీళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే. తీరం పొడుగునా చాలా బోర్లలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే పోగొట్టాలనుకున్న ఉప్పునే తిరిగి పూసినట్టు. ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీళ్లను కారుకు వాడటం పొదుపు అనుకుంటారు. శుద్ధి నీటిలోంచి తీసేసిన లవణమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. మట్టి వదలగొట్టడానికి వాడినా చివరి కడుగుడుకు మాత్రం వద్దు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోండి. గాలిలోని ఆవిరి చల్లబడి దిగిన నీళ్లు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. వాననీళ్లు కూడా అంతే. చివరి రెండు బకెట్లు అవి పోసి వెంటనే తుడిస్తే తెల్ల మచ్చలు రావు.

రాకెట్లతో చుట్టరికం ఉన్న సరుకు ఇంకొకటి ఉంది. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ, అట్లాస్ క్షిపణి పలుచని లోహపు తొడుగుకు తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం తయారు చేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనుక డబ్ల్యూడీ 40. 1958 నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు. తారు మరకలకు, బిగుసుకున్న బోల్టులకు అది మంచిదే. రంగు మీద వాడితే మాత్రం వెంటనే షాంపూతో కడగాలి, లేదంటే ఆ నూనె పొర ఇసుకను పట్టి ఉంచుతుంది.

ఈమధ్య వేలకు వేలు పెట్టించే సెరామిక్ కోటింగ్ సిలికా తరహా రసాయనం. మైనం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది, మురికి సులువుగా వదులుతుంది. రాయి తగిలితే లేచే పెచ్చును అది ఆపలేదు. దాని మీద ఉప్పునీటి బొట్టు ఆరితే మచ్చ పడకుండానూ ఉండదు. కోటింగ్ ఉంది కదా అని కడగడం మానేసేవాళ్లకు ఆ డబ్బు దండగ.

పైగా ఉప్పు కారును ఎక్కువగా తినేది పైనుంచి కాదు, కిందనుంచి. తలుపుల అడుగున, వాటి కింద ఉండే సిల్ భాగాల్లో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుంటే లోపల ఉప్పునీరు నిలుస్తుంది. ఏ వాక్సూ అక్కడికి చేరదు. మొదటిసారి కొనేవాళ్లు పీహెచ్ చూసి ఒక షాంపూ, మూడు మంచి గుడ్డలు, ఒక కార్నౌబా పేస్టు వాక్స్ కొనండి, చాలు. మిగిలిన డబ్బుతో వాటర్ సర్వీసింగ్‌లో లిఫ్ట్ ఎక్కించి అడుగుభాగం కడిగించండి. ఆ రంధ్రాలు పుల్లతో తెరిపించండి. బాగా ఆరాక యాంటీ రస్ట్ కొట్టించండి. ఈ తీరానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. సెప్టెంబరు నెలాఖరులోగా ఆ పని అయిపోవాలి.