పాత చొప్ప మిషను మళ్ళీ తిరగాలంటే

సుచిత్ర చౌరస్తా నుంచి మేడ్చల్ రోడ్డు పడితే ఇప్పుడు రెండు పక్కలా దుకాణాలు, పెద్ద పెద్ద బిల్డింగులే. కాని మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో బర్రెల కొట్టాలు ఇంకా ఉన్నాయి. కొన్ని కొట్టాల మూలన తుప్పు పట్టిన చొప్ప మిషను కనబడుతుంది. పెద్ద ఇనుప చక్రం, దానికి రెండు కత్తులు. పక్కన మోటారు. నడుమ బెల్టు.

పాత సామాన్ల వాళ్ళు కిలో లెక్కన తూచి తీసుకుపోతామంటారు. ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించండి. జొన్న చొప్ప పొడుగ్గా వేస్తే బర్రె ఆకు తిని కాడ వదిలేస్తుంది. కత్తిరించి వేస్తే కాడ కూడా తింటుంది. మేత ఖర్చు తగ్గుతుంది.

బయటి దేశాల్లో ఎండుగడ్డి కట్టలు కట్టే మిషన్లు కూడా ఒకప్పుడు బెల్టుతోనే నడిచేవి. ఆవిరి ఇంజను ఒక చోట, మిషను ఒక చోట, మధ్యన పొడుగాటి బెల్టు. తీగ మనుషులే చేత్తో కట్టేవారు. మన దగ్గర అప్పుడు గడ్డివాములే. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి పొలంలోనే పడిపోతోంది. దాన్ని ఏరి కట్టలు కట్టే మిషన్లు ఇప్పుడు ట్రాక్టరు వెనక తిరుగుతున్నాయి. బెల్టుతో నడిచే పాత మిషను ఏదైనా, బాగుచేసే తీరు మాత్రం ఇంచుమించు ఒకటే.

మొదట కరెంటు ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. బెల్టు తీసేయండి. చక్రాన్ని తాడుతో కట్టేయండి. కరెంటు లేకపోయినా చక్రం బరువుకే కత్తి దిగుతుంది.

తుప్పు పట్టిన బోల్టులను సుత్తితో కొట్టకండి. కిరోసిన్ గాని డీజిల్ గాని పోసి ఒక రాత్రి నాననివ్వండి. పొద్దున పానా పెడితే చాలావరకు కదులుతాయి.

ఇక అసలు పరీక్ష చక్రానిది. అది పోత ఇనుము. వంగదు, పగులుతుంది. నలుగురు పట్టి చక్రాన్ని తీసి, దూలానికి గట్టి తాడుతో వేలాడదీయండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గంటలాగా ఖంగుమంటే మంచిదే. దబ్బుమంటే అనుమానం. అప్పుడు కిరోసిన్ పూసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాయండి. పగులు ఉంటే దాంట్లో దాగిన కిరోసిన్ బయటికి వచ్చి సుద్ద మీద గీతలాగా కనబడుతుంది. గీత కనబడితే ఆ చక్రం పాత సామాన్లకే. "వెల్డింగు చేస్తే నడుస్తది లే" అని ఎవరన్నా అంటే వినకండి. పోత ఇనుముకు వెల్డింగు నమ్మకం కాదు.

షాఫ్టును పట్టి కిందికీ మీదికీ ఊపండి. లొడలొడలాడితే బుష్ అరిగింది. సుచిత్రకు జీడిమెట్ల పారిశ్రామికవాడ దగ్గరే. లేత్ షాపులో కొత్త బుష్ చేయించుకోవచ్చు. పాతది చేతిలో పట్టుకొని పోండి, కొలత తప్పదు.

కత్తి ఒక వైపే పదును పెట్టాలి. బిగించాక మధ్యన కాగితం పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. కాగితం తెగాలి, నలగకూడదు. కాగితాన్ని అంచు పట్టుకోండి, వేళ్ళు దూరంగా ఉండాలి.

వేగం లెక్క మీరే కట్టవచ్చు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. దాని పుల్లీ 3 అంగుళాలు, మిషను పుల్లీ 18 అంగుళాలు. 1440ని 3తో గుణించి 18తో భాగిస్తే 240 చుట్లు. "పని తొందరగా అయితది" అని మోటారుకు 6 అంగుళాల పుల్లీ పెడితే 480 అవుతుంది. వేగం రెట్టింపు అయితే చక్రాన్ని చీల్చే బలం నాలుగింతలు. పాత చక్రం ముక్కలై ఎగిరిందంటే రేకుల కప్పు కూడా ఆపలేదు. పాత పుల్లీ కొలతే ఉంచండి.

రెండు పుల్లీలకూ అడ్డంగా దారం లాగి చూడండి. వంకర ఉంటే బెల్టు జారుతుంది, తొందరగా అరుగుతుంది. బెల్టు మీద జాలీ తప్పకుండా వేయించండి. చీర కొంగు, జడ, తువ్వాలు, ఏది దొరికినా బెల్టు లాగేస్తుంది.

గడ్డి పెట్టే డొప్ప పొడుగ్గా ఉండాలి. చేయి ఎంత చాపినా రోలరు అందకూడదు. పంట నూర్చే మిషన్లలో ఎందరివో చేతులు పోయాయి. అందుకే 1983లో కేంద్ర ప్రభుత్వం ప్రమాదకర యంత్రాల చట్టం తెచ్చింది. చొప్ప మిషను రోలరు కూడా అంతే, చేయి పట్టిందంటే వదలదు. చొప్ప ఇరికితే చేత్తో నెట్టవద్దు. మోటారు ఆపి, చక్రం పూర్తిగా నిలిచాకనే తీయాలి. మోటారుకు ఎర్తు వైరు ఉందో లేదో కూడా చూడండి.

అన్నీ బిగించాక పది నిమిషాలు ఉత్తగా తిప్పండి. ఆపి, బుష్ ఉన్న చోట చేయి పెట్టండి. చేయి నిలవనంత వేడిగా ఉంటే నూనె అందడం లేదు. నూనె బెజ్జంలో మట్టి పూడి ఉంటుంది, సన్న తీగతో తీసి మళ్ళీ నూనె పోయండి. నట్లన్నీ ఇంకొకసారి బిగించి, అప్పుడు మొదటి మోపు పెట్టండి.