స్కోరు షీటుకు ఎక్కని ఆట

పన్నెండేళ్ల లోపు పిల్లల మ్యాచ్‌లో ఒక గోల్ ఎలా పడుతుందో దగ్గరగా చూద్దాం. మనం మైదానంలో ఆడే హాకీ గురించి కాదు నేను చెబుతున్నది. అమెరికా, కెనడాల్లో స్కేట్లు కట్టుకుని మంచు మీద ఆడే ఐస్ హాకీ గురించి. అందులో బంతి ఉండదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. గోలీ (గోల్‌కీపర్) కాక ఒక్కో జట్టులో ఐదుగురు రింక్ అనే మంచు మైదానం మీద ఉంటారు. ప్రత్యర్థులు కొట్టిన పక్ గోల్ వెనకాల మూలకు పోయింది. డిఫెన్స్ ఆడే పాప దాని కోసం వెళ్తూ వెళ్తూనే భుజం మీదుగా వెనక్కి చూసుకుంది. ఇద్దరు మీదికొస్తున్నారు. పక్ దొరగ్గానే కంగారుపడి బాదేయలేదు. ఒక్క క్షణం ఆగి, వాళ్లను తన దగ్గరిదాకా రానిచ్చి, గోడకు తగిలి సెంటర్‌లో ఉన్న పిల్లాడికి చేరేలా తోసింది. ఆ ఇద్దరూ వెనకపడిపోయారు. సెంటర్ వింగర్‌కిచ్చాడు. వింగర్ అవతలి కొసదాకా తీసుకెళ్లి, వెనకనుంచి వస్తున్న రెండో డిఫెన్స్ కుర్రాడికిచ్చాడు. అతను కొట్టాడు. ఆ సమయానికి రెండో వింగర్ గోలీ కళ్లకు అడ్డంగా నిలబడి, వీపు మీద దెబ్బలు తింటున్నా కదల్లేదు. గోలీకి పక్ కనపడనే లేదు.

స్కోరు షీటులో మూడు పేర్లే పడ్డాయి. కొట్టినవాడికి గోల్. చివరి రెండు పాస్‌లు ఇచ్చిన వింగర్‌కు, సెంటర్‌కు చెరొక అసిస్ట్. హాకీలో ఒక గోల్‌కు రెండు అసిస్ట్‌లకు మించి ఇవ్వరు. గోల్‌కు ఒక పాయింటు, అసిస్ట్‌కు ఒక పాయింటు. సీజను చివర ‘వీడికి 30 పాయింట్లు, ఆమెకు నాలుగు’ అని లెక్క తేలేది ఇలాగే. ఆట మొదలుపెట్టిన పాపకు, అడ్డంగా నిలబడ్డ కుర్రాడికి ఆ గోల్‌లో భాగం లేనట్టే షీటు చెబుతుంది.

ఈ లోటు పెద్దవాళ్ల హాకీలో చాలాకాలం కిందటే గుర్తించారు. 1950ల్లో మాంట్రియల్ కెనడియన్స్ జట్టు సొంతంగా ఒక లెక్క పెట్టుకుంది. అక్కడి ప్రధాన ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 1967-68 నుంచి దాన్ని అధికారికంగా రాయడం మొదలుపెట్టింది. దాని పేరు ప్లస్-మైనస్. మన జట్టు గోల్ కొట్టినప్పుడు రింక్ మీదున్న ప్రతి ఆటగాడికీ ఒక ప్లస్, గోల్ తిన్నప్పుడు ఒక మైనస్. ప్రత్యర్థికి పెనాల్టీ పడి మనవాళ్లు ఎక్కువమంది ఉన్నప్పుడు కొట్టిన గోల్‌ను లెక్కలోకి తీసుకోరు. పై గోల్‌కైతే ఐదుగురికీ ప్లస్ దక్కుతుంది. న్యాయంగానే కనిపిస్తుంది.

కానీ దీనిలో రికార్డులు ఎవరివో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక సీజనులో అత్యధికం బాబీ ఓర్‌ది, 1970-71లో ప్లస్ 124. ఓర్ మహా ఆటగాడే, అనుమానం లేదు. అయితే ఆ ఏడు అతని బాస్టన్ బ్రూయిన్స్ జట్టు 399 గోల్స్ కొట్టింది. అత్యల్పం బిల్ మికెల్సన్‌ది, 1974-75లో మైనస్ 82. అతనున్న వాషింగ్టన్ క్యాపిటల్స్ కొత్తగా పెట్టిన జట్టు. 80 మ్యాచుల్లో ఎనిమిదే గెలిచి, 446 గోల్స్ తింది. ఆ జట్టు డిఫెన్స్‌లో ఎవరు నిలబడ్డా మైనస్‌లో మునిగిపోవాల్సిందే. ఒక్క మనిషికి వేసిన ఆ అంకెలో చుట్టూ ఉన్న జట్టు ఎంతో, మనిషి ఎంతో విడదీయలేం.

పిల్లల జట్లలో ఆ చిక్కు ఇంకా ముదురుతుంది. హాకీలో ఆటగాళ్లు నిమిషం లోపే మారిపోతుంటారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక ‘లైన్’గా కలిసి దిగి, కలిసే బెంచి మీదికొస్తారు. చాలామంది కోచ్‌లు సీజనంతా అవే లైన్లు ఉంచుతారు. అప్పుడు ఆ ముగ్గురి ప్లస్-మైనస్ దాదాపు ఒకటే అవుతుంది. వాళ్లలో బండి లాగుతున్నది ఎవరో, ఎక్కి కూర్చున్నది ఎవరో చెప్పడానికి ఆ అంకెకు దారే లేదు. కోచ్ అప్పుడప్పుడు లైన్లు కలిపి మారిస్తే కొంత తెలుస్తుంది. అదీ కొంతే.

ఇక అదృష్టం సంగతి. తల్లిదండ్రులకు ఇది ఎంత విడమరచి చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. ఒక సీజనులో మీ అబ్బాయి రింక్ మీదుండగా రెండు వైపులా కలిపి 40 గోల్స్ పడ్డాయనుకుందాం. అబ్బాయి ఆట సరిగ్గా సగటు. అంటే ప్రతి గోల్ మనదో వాళ్లదో అనేది నాణెం ఎగరేసినట్టే. నాణేన్ని 40 సార్లు ఎగరేస్తే బొమ్మకూ బొరుసుకూ మధ్య ఆరు, అంతకుమించి తేడా రావడం పదింట నాలుగుసార్లకు పైగా జరుగుతుంది. అంటే ప్లస్ ఆరు తెచ్చుకున్న పిల్లాడూ మైనస్ ఆరు తెచ్చుకున్న పిల్లాడూ అచ్చంగా ఒకే స్థాయివాళ్లు కావచ్చు. ఒకడికి ఇంట్లో పిజ్జా, ఇంకొకడికి కారులో క్లాసు!

గోల్స్‌దీ ఇదే కథ. పది షాట్లకు ఒకటి లోపలికి పంపగల పిల్లలు సీజనులో తలా 50 షాట్లు కొట్టారనుకోండి. సగటున ఐదు గోల్స్ రావాలి. కాని నలుగురిలో ఒకరికి మూడో, అంతకన్నా తక్కువో వస్తాయి. దాదాపు అంతేమందికి ఏడో, అంతకన్నా ఎక్కువో వస్తాయి. వాళ్ల చేతివాటంలో రవ్వంత తేడా లేకుండానే ఒకరు ఇంకొకరికి రెట్టింపు కనిపిస్తారు. గోలీలకూ అంతే: తక్కువ షాట్లు ఎదుర్కొన్న గోలీ సేవ్ శాతాన్ని, అంటే ఆపిన షాట్ల శాతాన్ని, పట్టుకుని మంచీ చెడ్డా నిర్ణయించకూడదు. పైగా ముందున్న డిఫెన్స్ ఎలాంటి షాట్లు రానిచ్చిందన్నది ఆ శాతంలో కనపడదు.

గోల్స్ అరుదు కాబట్టి, తరచుగా జరిగేదాన్ని లెక్కపెట్టాలన్న ఆలోచనే ఆధునిక హాకీ గణాంకాలకు మూలం. బఫెలో సేబర్స్ జట్టులో గోలీలకు కోచ్‌గా ఉన్న జిమ్ కోర్సీ, గోలీ మీద పడే శ్రమను కొలవడానికి గోల్ వైపు వచ్చిన ప్రతి ప్రయత్నాన్నీ లెక్కేసేవాడు: గోలీ ఆపినవి, పక్కకు పోయినవి, మధ్యలో ఎవరో అడ్డుకున్నవి, అన్నీ. లెక్కల మీద ఆసక్తి ఉన్న అభిమానులు దాన్ని అందుకుని ఆటగాళ్లకు వర్తింపజేశారు. ‘కోర్సీ’ అన్న పేరు అలాగే స్థిరపడింది. ఒక్కో జట్టుకు మ్యాచ్‌లో మూడు గోల్స్ పడేచోట ఇలాంటి ప్రయత్నాలు యాభై దాకా ఉంటాయి. అందుకే అదృష్టం పాలు తొందరగా తగ్గి, ఎవరు దిగితే పక్ అవతలి కొసన ఉంటోందో తెలుస్తుంది.

దీన్ని ఉన్నదున్నట్టుగా పిల్లల ఆటలోకి తెస్తే మాత్రం చెడుతుంది. మనం ఏది లెక్కపెడుతున్నామో పదేళ్ల పిల్లలు ఒక్కరోజులో కనిపెట్టేస్తారు. షాట్లు లెక్కపెడుతున్నారని తెలిస్తే చాలు, ఎక్కడ పక్ దొరికితే అక్కడినుంచే గోల్ వైపు విసురుతారు. పాస్ చేసే కుదురు, ఖాళీ వెతికే చూపు అక్కడే ఆగిపోతాయి. ఆ వయసులో నేర్చుకోవాల్సినవి అవే కదా.

నాకు నచ్చిన దారి ఎరిక్ టుల్‌స్కీది. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఈయన 2024లో కరోలైనా హరికేన్స్ జట్టుకు జనరల్ మేనేజరయ్యాడు. అంతకుముందు, తోటి ఔత్సాహికులతో కలిసి మ్యాచులు చూస్తూ, జట్టు ప్రత్యర్థి జోన్‌లోకి ఎలా ప్రవేశిస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. పక్‌ను అదుపులో ఉంచుకుని ఆ జోన్ హద్దైన నీలి గీత దాటినప్పుడు, ఉత్తినే లోపలికి బాది వెంటబడినప్పటి కంటే రెండింతలకు పైగా షాట్లు వస్తున్నాయని తేలింది. దీనికి కంప్యూటర్లు అవసరం లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓపిక ఉన్న ఒక మనిషి చాలు. ప్రతి పిల్లల జట్టు వెనకా రింక్ పక్కన కూర్చునే తల్లిదండ్రులు ఉండనే ఉన్నారు.

డిఫెన్స్ ఆడే పిల్లలకు ఇలాంటి లెక్క బాగా కుదురుతుంది. కాగితం మీద పేరుకెదురుగా మూడు గళ్లు. తమ జోన్‌లో పక్ చేతికొచ్చిన ప్రతిసారీ ఒక గీత: పాస్ ఇచ్చో, తనే తీసుకునో బయటికి తెస్తే మొదటి గడి. గుడ్డిగా బాదేస్తే రెండోది. పోగొట్టుకుంటే మూడోది. మ్యాచ్‌కు నాలుగైదు గీతలు పడినా సీజనుకు వందకు పైగా అవుతాయి. గోల్స్ ఐదారుంటే ఇవి వంద. పైగా ఇది తోటివాళ్ల చేతుల్లో కన్నా ఆ పిల్ల చేతుల్లోనే ఎక్కువ ఉన్న పని. అక్టోబరులో పదింట మూడుసార్లు బయటికి తెచ్చిన పాప ఫిబ్రవరిలో పదింట ఆరుసార్లు తెస్తుంటే అది నేర్పు పెరగడమే. అప్పటికీ ఆమె ఖాతాలో ఒక్క గోల్ లేకపోవచ్చు. ఎడమవైపు మూలలో మాత్రమే మూడో గడి నిండుతోందంటే, మంగళవారం ప్రాక్టీసులో ఏం చేయించాలో కోచ్‌కు వేరే చెప్పక్కర్లేదు. ఫార్వర్డ్‌లకైతే నీలి గీత దాటిన తీరు, గోల్ ముందు దగ్గరినుంచి కొట్టిన షాట్లు, పోయిన పక్‌ను మళ్లీ గెలుచుకున్నవి లెక్కపెట్టొచ్చు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ సరిగా సాగదు. నెలకొకటి చాలు.

ఈ కాగితాన్ని ఎవరు చూడాలన్నది ఇంకో ప్రశ్న. కోచ్ చూడాలి, ఆ పిల్ల చూడాలి. జట్టంతటికీ వరుస పెట్టి గోడకు అంటించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. నార్వేలో క్రీడా సమాఖ్య దీన్ని నియమంగానే పెట్టింది: పిల్లలకు పదకొండేళ్లు వచ్చే సంవత్సరం దాకా ఏ ఆటలోనూ ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండకూడదు. ఇది మన తెలుగువాళ్లకూ పట్టే సంగతే. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో డల్లాస్ స్టార్స్ జట్టు ప్రాక్టీస్ రింక్ ఉంది. ఊళ్లో తెలుగు కుటుంబాలూ దండిగా ఉన్నాయి. మనలో చాలామందిమి ఎంసెట్ ర్యాంకు తప్ప వేరే కొలత తెలియకుండా పెరిగాం. మ్యాచ్ అయ్యాక ‘ఎన్ని పాయింట్లు?’ అన్న మాట మన నోట ఎంత తేలిగ్గా వస్తుందో పిల్లలకు అంత బరువుగా తగులుతుంది. ‘ఇవాళ పక్‌ను ఎన్నిసార్లు బయటికి తెచ్చావు?’ అని అడిగిచూడండి. ఎలా తెచ్చిందో, ఎక్కడ పోయిందో మీ పాప దారి పొడవునా చెబుతూనే ఉంటుంది.

ఏ లెక్కకూ అందని ఇంకో పెద్ద విషయం పుట్టిన నెల. 1980ల్లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో ఒక జూనియర్ హాకీ మ్యాచ్‌కు వెళ్లిన మనస్తత్వవేత్త రోజర్ బార్న్‌స్లీకి, ఆయన భార్య పౌలా కార్యక్రమ పత్రంలో ఒక వింత చూపించింది. ఆటగాళ్ల పుట్టినరోజులు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఉన్నాయి. 1985లో వచ్చిన వాళ్ల పరిశోధనతో దీని కారణం లోకానికి తెలిసింది. కెనడాలో వయసు వర్గాలకు హద్దు జనవరి 1. జనవరిలో పుట్టిన పిల్లాడూ డిసెంబరులో పుట్టిన పిల్లాడూ ఒకే వర్గంలో ఆడతారు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో, స్కేటింగ్‌లో కంటికి కనపడే తేడా. పెద్దవాడు మంచి జట్టుకు ఎంపికవుతాడు. మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువసేపు ఆడతాడు. కొన్నేళ్లకు నిజంగానే మెరుగవుతాడు. మొదట్లో మనం ప్రతిభ అనుకుని రాసుకున్న పాయింట్లలో కొన్ని పుట్టినరోజువే.

వయసు తేడా ఎంత పని చేస్తుందో తెలియాలంటే హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీని చూడండి. పదేళ్ల వయసులో ఒకే సీజనులో 378 గోల్స్ కొట్టాడు. అలాంటి అంకెను ఏ అదృష్టం లెక్కా కొట్టిపారేయలేదు. కానీ అంతకు నాలుగేళ్ల ముందు, ఆరేళ్లప్పుడు, పదేళ్ల పిల్లల జట్టులో ఆడిన సీజనులో అతను కొట్టింది ఒక్కటంటే ఒక్క గోల్. ఆ ఏటి పట్టికలో అతని పేరు ఎక్కడో అడుగున ఉండి ఉంటుంది.

పెద్దయ్యాక పుట్టిన నెల తెచ్చే ఈ తేడా మాయమైపోతుందనుకుంటాం. మిషిగన్‌లోని గ్రాండ్ వ్యాలీ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ డీనర్, సహచరులు 1980 నుంచి 2007 దాకా ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంపికైన కెనడా ఆటగాళ్లను పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించారు. ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లను వాళ్ల ఆటకు తగిన స్థానం కన్నా 40 స్థానాలకు పైగా ఆలస్యంగా ఎంచుకున్నారు. అయినా 400 మ్యాచులు ఆడడం, 200 పాయింట్లు సాధించడం లాంటి మైలురాళ్లు అందుకోవడంలో వాళ్ల అవకాశం, జనవరి-మార్చి మధ్య పుట్టినవాళ్లతో పోలిస్తే దాదాపు రెండింతలుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను చూడ్డమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా అన్నేళ్లపాటు పొరబడుతూనే వచ్చారు.

దీనికో విరుగుడు ఫుట్‌బాల్ నుంచి వచ్చింది. నెదర్లాండ్స్ పరిశోధకులు డేవిడ్ మాన్, ప్లౌన్ వాన్ గినెకెన్ 2017లో ప్రచురించిన ప్రయోగంలో, పిల్లల మ్యాచ్ చూపించి ప్రతిభను అంచనా వేయమని ప్రతిభాన్వేషకులను అడిగారు. పుట్టిన తేదీల జాబితా చేతికిచ్చినా వాళ్ల పక్షపాతం పోలేదు. జెర్సీ నంబర్లను వయసు వరుసలో ఇచ్చి, ఆ సంగతి ముందే చెప్పినప్పుడు పోయింది. ఐస్ హాకీలోనూ ఏటా ట్రైఅవుట్లకు (జట్టు ఎంపికలకు) వచ్చే పిల్లలకు నంబర్లు ఇస్తూనే ఉంటారు. అవి పేర్ల అక్షరక్రమంలో కాకుండా పుట్టినరోజుల వరుసలో ఇవ్వడానికి క్లబ్బులకు పైసా ఖర్చు లేదు. వచ్చే ట్రైఅవుట్లకే చేయొచ్చు.